61 రూపాయల గడి: ప్రభుత్వ రవాణా టెండర్లో తప్పు రేటు పడితే ఏది దిద్దుతారు, ఏది దిద్దరు

చెన్నైలో ఒక ప్రభుత్వ సంస్థ బియ్యం తోలకానికి టెండరు పిలిచింది అనుకుందాం. లెక్క అర్థం కావడానికి ఊహించిన టెండరే ఇది, రేట్లు కూడా ఉదాహరణకు వేసినవే. తిరువొత్తియూరు గోదాము నుంచి మూడు చోట్లకు సరుకు చేరాలి. కాంచీపురం 75 కిలోమీటర్లు, 4,000 టన్నులు. వేలూరు 140 కిలోమీటర్లు, 6,000 టన్నులు. బెంగళూరు 350 కిలోమీటర్లు, 2,500 టన్నులు. మాధవరంలో లారీ ఆఫీసు నడిపే నెల్లూరాయన ఒకరు రాత్రి కూర్చుని డీజిలు, టోలు, డ్రైవరు బత్తా అన్నీ వేసుకుని టన్నుకు వరసగా 420, 610, 1,350 రూపాయలని తేల్చారు. మొత్తం రూ.87,15,000. పొద్దున ఈ-టెండరు ధరల షీటు నింపిన కుర్రాడి చేతిలో వేలూరు గడిలో 610 బదులు 61 పడింది.

షీటు కిక్కురుమనదు. 6,000ని 61తో గుణించి 3,66,000 అని వేస్తుంది. పక్క గడిలో అదే మొత్తాన్ని అక్షరాల్లో తనే రాసుకుంటుంది. అడుగున టోటలు 54,21,000కి దిగుతుంది. కూడికలో తప్పు లేదు, గుణకారంలో తప్పు లేదు. ధరల కవరు తెరిచిన రోజు ఆయనే ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ వేసినవారు. ఆఫీసులో స్వీటు పంచడం పూర్తయ్యేలోపే ఎవరో షీటు ప్రింటు తీసి చూస్తారు. వేలూరు తోలిన ప్రతి టన్నుకూ 549 రూపాయలు జేబులోంచి పెట్టుకోవాలి. 6,000 టన్నులకు అది రూ.32,94,000.

టైపింగు తప్పే కదా, దిద్దమని అడిగితే దిద్దరా అని ఇక్కడ ప్రతి ఒక్కరూ అంటారు. టెండరు పుస్తకంలో లెక్క తప్పుల దిద్దుబాటు అని ఒక క్లాజు ఉంటుంది కూడా. చిక్కంతా ఆ క్లాజు ఏ కాలంలో పుట్టిందనే దాంట్లో ఉంది.

కాగితం కవర్ల నాటి సూత్రాలు

కేంద్ర ఆర్థిక శాఖ వ్యయ విభాగం ఇచ్చిన కొనుగోళ్ల మాన్యువల్లో ఈ దిద్దుబాటు సూత్రాలు ఉన్నాయి. చాలా సంస్థల టెండరు పుస్తకాల్లో అవే మాటలు కాస్త అటూ ఇటూగా కనిపిస్తాయి. మొదటిది, యూనిట్ రేటుకూ (ఇక్కడ ఒక్కో టన్నుకు వేసిన రేటు) మొత్తానికీ పొసగకపోతే యూనిట్ రేటే చెల్లుతుంది, మొత్తాన్ని దిద్దుతారు. 610 రేటు వేసి మొత్తం పొరపాటున 33,60,000 అని రాస్తే దాన్ని 36,60,000 చేస్తారు. దీనికి ఒక మినహాయింపు ఉంది: యూనిట్ రేటులో దశాంశ చుక్క జరిగిందని కళ్లకు కట్టినట్టు కనిపిస్తే అప్పుడు మొత్తమే చెల్లుతుంది, రేటును దిద్దుతారు. రెండోది, ఉపమొత్తాలు కూడినప్పుడు తేడా వస్తే ఉపమొత్తాలే ప్రమాణం. మూడోది, అంకెలకూ అక్షరాలకూ తేడా ఉంటే అక్షరాల్లో రాసినదే ప్రమాణం. అయితే ఆ అక్షరాల మొత్తమే లెక్క తప్పు వల్ల వచ్చిందైతే పై రెండు సూత్రాల ప్రకారం అంకెలు చూస్తారు. దిద్దిన మొత్తాన్ని బిడ్డరుకు తెలియజేసి, ఫలానా తేదీలోగా ఒప్పుకుంటారా అని అడుగుతారు. ఒప్పుకోకపోతే ఆ బిడ్డును పక్కన పెడతారు.

ఇప్పుడు మన 61ని ఈ సూత్రాల మీద పెట్టి చూడండి. చేత్తో నింపే రోజుల్లో అయితే ఆ కుర్రాడు రేటు గడిలో 61.00 అని రాసినా, మొత్తం గడిలో రాత్రి లెక్క చూసి 36,60,000 అనే రాసి ఉండేవాడు. రెంటికీ మధ్య సరిగ్గా పది రెట్లు తేడా. చుక్క జరిగిందని బిడ్లు పరిశీలించే కమిటీకి చెప్పక్కర్లేదు, కాగితమే సాక్ష్యం. రేటును 610గా దిద్దేవారు, కథ అక్కడితో అయిపోయేది.

ఈ-టెండర్లో మొత్తం రాసేది మనిషి కాదు, షీటు. అక్షరాలు రాసేదీ షీటే. రేటు గడి తప్ప మిగతావన్నీ తాళం వేసి ఉంటాయి. అందుకే తప్పు రేటు పడగానే మొత్తం, అక్షరాలు, టోటలు అన్నీ ఆ తప్పుకు తగ్గట్టు సర్దుకుంటాయి. సూత్రాలన్నీ రెండు అంకెల మధ్య వైరుధ్యం వెతికేవి. షీటు వైరుధ్యమే లేకుండా చేసింది. సూత్రం పుస్తకంలో అలాగే ఉంది, పట్టుకోవడానికి దానికి అంచే దొరకదు. గుణకారం తప్పులు పోయాయని సంతోషించాం గానీ, వాటితో పాటు తప్పును రుజువు చేసే ఆధారం కూడా పోయింది.

ఒకే అంకెకు మూడు అర్థాలు

కమిటీ వాళ్లకు మాత్రం బుర్ర లేదా, వేలూరుకు టన్ను 61 రూపాయలకు ఎవడు తోలుతాడు అని కోపం రావడం సహజం. వాళ్ల కుర్చీలో కూర్చుని చూస్తే 61కి కనీసం మూడు అర్థాలు కనిపిస్తాయి. ఒకటి, 610లో సున్నా ఎగిరిపోయింది. రెండు, బిడ్డరు క్వింటాలు రేటు వేశారు. క్వింటాలుకు 61 అంటే టన్నుకు సరిగ్గా 610. ధాన్యం, బియ్యం వ్యవహారంలో క్వింటాలు లెక్క నోటికి అలవాటు కాబట్టి ఇది ఎంతో నమ్మదగ్గ తప్పు. మూడు, కావాలనే వేశారు. వేలూరు పక్కనున్న రాణిపేట నుంచి చెన్నైకి రోజూ లోడు ఉన్నవారికి ఆ వైపు వెళ్లేటప్పుడు బండి ఎలాగూ ఖాళీ. ఒక రూటులో రేటు పడేసి ఇంకో రూటులో రాబట్టుకునే ఎత్తుగడ కూడా రవాణా టెండర్లలో కొత్త కాదు.

మొదటి రెండు అర్థాల్లోనూ దిద్దితే 610 వస్తుంది కదా అనొచ్చు. కానీ మూడోది కాదని షీటులో ఎక్కడా లేదు. బిడ్డరు వచ్చి చెప్తే తప్ప తెలియదు. అందరి రేట్లూ తెరిచాక వచ్చి చెప్పే మాట మీద రేటు మార్చితే, ఎల్-2 (తరువాతి తక్కువ ధర వేసినవారు) ఎంత వేశారో చూసుకుని తీరుబడిగా పొరపాటు కనిపెట్టేవాళ్లు ప్రతి టెండర్లోనూ పుట్టుకొస్తారు. 61 వేసి గెలిచి, ఎల్-2 టోటలు చూసి, దానికి ఒక మెట్టు కిందకి వచ్చేలా పొరపాటును దిద్దుకోవచ్చు. కమిటీ భయం ఇదే, అది న్యాయమైన భయమే.

కోర్టులూ ఇటే మొగ్గాయి. పురూలియా పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు టెండర్లో రేట్ల తప్పులు దిద్దుకోనివ్వాలని హైకోర్టులో గెలిచిన కంపెనీ మీద పశ్చిమ బెంగాల్ విద్యుత్ బోర్డు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2001లో సుప్రీంకోర్టు దిద్దుబాటు కుదరదని తేల్చింది. 2025 సెప్టెంబరులో వచ్చిన ఇంకో తీర్పు మన 61కి సొంత తమ్ముడే. అదీ బెంగాల్లోనే, రోడ్డు టోలు వసూలు హక్కుల టెండరు. 1,095 రోజులకు కలిపి మొత్తం వేయాల్సిన చోట ఒక బిడ్డరు ఒక్క రోజు మొత్తం రూ.9,72,999 వేశారు. 1,095తో గుణిస్తే రూ.106,54,33,905. తేడా వెయ్యి రెట్లకు పైనే, తప్పని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. కలకత్తా హైకోర్టు దిద్దుకోనిచ్చింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. తప్పు ఎంత పెద్దది, ఎంత స్పష్టం అన్నది ప్రశ్న కాదు. ధరలు తెరిచాక అంకె మారడమే ప్రశ్న.

యూనిట్లో పుట్టే తప్పులు

సున్నా ఎగరడం నిజానికి అరుదు. ఎక్కువ నష్టం చేసేది యూనిట్. షీటులో యూనిట్ అనే చిన్న గడి ఎక్కడో మధ్యలో ఉంటుంది, దాన్ని చదవకుండా పాత టెండరు అలవాటు మీద నింపేస్తారు.

టన్నుకా, టన్ను-కిలోమీటరుకా? వేలూరు 610ని 140తో భాగిస్తే టన్ను-కిలోమీటరుకు 4.36 వస్తుంది. టన్ను-కిలోమీటరు అడిగిన గడిలో 610 వేస్తే ఆ ఒక్క వరస మొత్తమే 51 కోట్ల 24 లక్షలవుతుంది. నవ్వుకుంటారు, టెండరు పోతుంది, డబ్బు మాత్రం పోదు. టన్ను రేటు అడిగిన గడిలో 4.36 వేస్తే 6,000 టన్నులకు 26,160 రూపాయలు. ఇది నవ్వులాట కాదు. ఇక్కడే ఒక చిన్న ముల్లు కూడా ఉంది: 610ని 140తో భాగిస్తే నిజానికి 4.3571. రెండు దశాంశాలకు సర్ది 4.36 వేయగానే వరస మొత్తం 36,60,000 నుంచి 36,62,400 అవుతుంది. 2,400 తేడాతో ఎల్-2 అయినా ఎల్-2యే.

రానూపోనూ దూరం ఇంకో గుంట. టెండరు దూరం ఒకవైపు 140. బండి తిరిగేది 280. నడిచిన కిలోమీటరుకు 39 రూపాయలు ఖర్చనుకుంటే ట్రిప్పుకు 10,920. పది చక్రాల బండిలో 18 టన్నులు వేస్తే టన్నుకు 607. దాన్ని 610 చేశాం. అదే 140తోనే గుణించినవారికి ట్రిప్పుకు 5,460, టన్నుకు 303 వస్తుంది. ఆ 303లో టైపింగు తప్పు ఎక్కడా లేదు, ఆలోచనలో తప్పు. దాన్ని ఏ క్లాజూ దిద్దదు.

18 టన్నులు అనడానికి కారణం ఉంది. 2018 జూలైలో యాక్సిల్ బరువులు పెంచాక పది చక్రాల లారీ మొత్తం బరువు పరిమితి 28.5 టన్నులు. బండి సొంత బరువు తీసేస్తే సరుకుకు మిగిలేది ఇంచుమించు 18. కొందరు అలవాటు కొద్దీ 21 టన్నుల మీద లెక్క కట్టి 520 వేస్తారు. ప్రభుత్వ గోదాములో కాటా వేసి లోడు చేస్తారు, రాసి ఇస్తారు. దారిలో పట్టుబడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. రెండు ట్రిప్పుల బాడుగ ఒక్క చలానాలో పోతుంది.

శాతం అడిగే షీట్లు వేరే రకం. షెడ్యూలు రేటు (సంస్థే ముందుగా ఇచ్చిన రేటు) మీద ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని అడుగుతారు. ఒక గడిలో ఎక్కువా తక్కువా ఎంచుకోవాలి, పక్క గడిలో శాతం వేయాలి. 15 శాతం తక్కువ అనుకుని ఎక్కువ మీద నొక్కడం ఒక తప్పు. ఇంకోటి, షెడ్యూలు మీద 15 శాతం పైన అంటే 115 అని వేయడం. షెడ్యూలు రేటు 4 రూపాయలైతే 4.60 రావాల్సింది 8.60 అవుతుంది.

పన్ను గడి గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేసినవారికి తప్పు చేశామని ఎప్పటికీ తెలియకపోవచ్చు. బియ్యం, పప్పులు, పిండి, పాలు, ఉప్పు, వ్యవసాయ ఉత్పత్తులను గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ తోలితే జీఎస్టీ మినహాయింపు ఉంది. మన బియ్యం టెండర్లో 5 శాతం కలిపి 91,50,750 అయ్యేలా వేస్తే, 90 లక్షలు వేసిన పక్కాయనకు పని వెళ్లిపోతుంది. మినహాయింపు లేని సరుకైతే 2025 సెప్టెంబరు 22 నుంచి రెండే దారులు: ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్నును సర్దుకునే వీలు) లేకుండా 5 శాతం, క్రెడిట్‌తో 18 శాతం. పాత షీటు కాపీ కొట్టి 12 అని వేసేవాళ్లు ఇంకా ఉంటారు, ఆ రేటు ఇప్పుడు లేదు. టీడీఎస్ (బిల్లులోంచి పన్ను ముందే కోసి కట్టడం) కోసం మాత్రమే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్న ప్రభుత్వ శాఖకు తోలితే అదీ మినహాయింపే. కంపెనీ రూపంలో ఉన్న ప్రభుత్వ సంస్థకు ఇది వర్తించకపోవచ్చు. కాబట్టి టెండరు పిలిచింది శాఖా, కార్పొరేషనా అన్నది ముందు చూసుకోవాలి. రేటు పన్నుతో కలిపి అడిగారా, విడిగా అడిగారా అనే వాక్యం టెండరు పుస్తకంలో దొరక్కపోతే బిడ్లు వేసేముందు జరిగే ప్రీ-బిడ్ సమావేశంలో రాతపూర్వకంగా అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఖాళీ వదిలిన గడిని కొన్ని టెండర్లు సున్నాగా తీసుకుంటాయి, కొన్ని బిడ్డునే తోసేస్తాయి. రెండూ చెడ్డవే. వెయిటింగు చార్జీ మేం తీసుకోం అనే మంచితనంతో 0 వేసినా, నిల్ కోట్ (సున్నా రేటు) చెల్లదు అనే షరతు కింద మొత్తం బిడ్డు పోయే ప్రమాదం ఉంది.

గంట కొట్టే ముందు, కొట్టిన తరువాత

కేంద్ర సంస్థలు వాడే, తమిళనాడు ప్రభుత్వం కూడా వాడే ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) తరహా పోర్టల్లో గడువు ముగిసేదాకా బిడ్డును ఎన్నిసార్లయినా మళ్లీ సమర్పించవచ్చు. చివరిసారి పెట్టిందే లెక్కలోకి వస్తుంది. నిజమైన దిద్దుబాటు అంటే ఇదొక్కటే, దీనికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. కానీ రీసబ్మిట్ పక్కనే విత్‌డ్రా ఉంటుంది. కంగారులో పాత బిడ్డు తీసేసి కొత్తది పెడదాం అని విత్‌డ్రా నొక్కితే ఆ టెండర్లో మళ్లీ పాల్గొనడం కుదరదు. రెండు మీటలకు మధ్య ఉన్న తేడా తెలియక మంచి రేట్లున్న బిడ్లు పోతాయి.

కొరిజెండం (టెండరు సవరణ ప్రకటన) వచ్చి షీటు మారితే కొత్త షీటు దించుకుని మళ్లీ నింపి పెట్టాల్సిందే. పాత ఫైలు పేరు మార్చి ఎక్కించే తెలివితేటలు పనికిరావు.

గడువు దాటాక పరిస్థితి పూర్తిగా వేరు. బిడ్డు చెల్లుబాటు కాలంలో వెనక్కి తీసుకుంటే ఈఎండీ (బిడ్డుతో పాటు కట్టే ధరావతు) జప్తు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 5 ప్రకారం అవతలివారు అంగీకారం పంపేలోపు ప్రతిపాదన వెనక్కి తీసుకోవచ్చు కదా అని కొందరు లాయర్ల దగ్గరకు వెళ్తారు. తీసుకోవచ్చు, ఈఎండీ మాత్రం రాదు. గంగా ఎంటర్‌ప్రైజెస్ మీద జాతీయ రహదారుల సంస్థ గెలిచిన 2003 కేసులో సుప్రీంకోర్టు ఈ రెంటినీ విడదీసి చెప్పింది. కాంట్రాక్టు కుదిరాక తప్పు చేశాను అంటే సెక్షన్ 22 అడ్డం వస్తుంది: ఒక పక్షం మాత్రమే పొరబడితే కాంట్రాక్టు రద్దు కాదు.

అయినా చేతులు కట్టుకు కూర్చోమని కాదు. తప్పు కనిపించిన రోజే, కమిటీ అడగకముందే, పోర్టల్ ద్వారా గానీ టెండర్లో ఇచ్చిన అధికారిక మెయిల్‌కు గానీ ఉత్తరం పంపాలి. అందులో మూడు సంగతులు చాలు: షీటులో ఏ వరస, వేసిన రేటు ఎంత, అనుకున్న రేటు ఎంత. దానికి ఆ రాత్రి కట్టిన లెక్క కాగితం జతచేయాలి. టెండర్లోని లెక్క తప్పుల క్లాజు నంబరు రాయాలి. మిగతా రేట్లు తగ్గిస్తాం, పెంచుతాం అని ఒక్క ముక్క కలిపినా అది దిద్దుబాటు కాదు, కొత్త బేరం అవుతుంది. దిద్దకపోవచ్చు. కానీ తరువాత ఏం జరిగినా, తప్పు అప్పుడే చెప్పారన్న రికార్డు ఉంటుంది.

ఈ ఉత్తరం కన్నా పనికొచ్చే తలుపు ఇంకోటి ఉంది, దాన్ని చాలామంది తప్పుగా వాడతారు. అసాధారణంగా తక్కువ బిడ్డు వస్తే రేటు విశ్లేషణ రాతలో అడిగే వీలు కమిటీకి మాన్యువల్ ఇచ్చింది. ఆ నోటీసు వచ్చినప్పుడు పని పోతుందేమోనని 61కే తోలగలం అన్నట్టు అంకెలు అల్లి పంపుతారు. అది తన గొయ్యి తానే తవ్వుకోవడం. డీజిలు, టోలు, 280 కిలోమీటర్లు, 18 టన్నులు అన్నీ నిజంగా చూపిస్తే ఈ రేటుకు పని జరగదని కమిటీయే తేల్చి బిడ్డు తిరస్కరించవచ్చు. అది బిడ్డరు వెనక్కి తగ్గడం కాదు, కొనుగోలుదారు తోసేయడం. ఈఎండీ విషయంలో ఈ తేడాకు విలువ ఉండొచ్చు, టెండరు షరతు ఎలా రాశారో చదవాలి.

ఇవేవీ ఫలించకపోతే చేదు లెక్క ఒకటి మిగులుతుంది. టెండరు విలువ 87,15,000 అయితే 2 శాతం ఈఎండీ రూ.1,74,300. బండి కడితే పోయేది 32,94,000. డబ్బు వరకే చూస్తే ఈఎండీ వదులుకోవడం చవక. దాని వెనక టెండర్ల నుంచి నిషేధం వచ్చే అవకాశం ఉంది. చిన్న సంస్థగా ఈఎండీ మినహాయింపు తీసుకుని బిడ్ సెక్యూరిటీ డిక్లరేషను (వెనక్కి తగ్గితే సస్పెండ్ చేయవచ్చని ఒప్పుకునే పత్రం) ఇచ్చినవారు ఒక విషయం మరిచిపోతారు: వాళ్లకు పోయేది డబ్బు కాదు, నేరుగా సస్పెన్షనే. ఆ సంస్థ టెండర్ల మీదే బతికే ఆఫీసుకు 1.74 లక్షలు కట్టడమే మేలనిపిస్తుంది.

తప్పు పైవైపు పడితే, అంటే 610 బదులు 6,100 పడితే, పెద్దగా చెప్పేదేం లేదు. టెండరు పోతుంది. తెరిచాక తగ్గిస్తామంటే వినరు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007 మార్చి సర్క్యులరు ప్రకారం బేరమంటూ ఆడితే అది ఎల్-1తోనే, అదీ మామూలుగా కాదు.

చెన్నై, బెంగళూరు రెండు చోట్లా టెండర్లు వేసేవారు చట్టాలు వేరని గుర్తుంచుకోవాలి. తమిళనాడు రాష్ట్ర సంస్థలకు 1998 నాటి టెండర్ల పారదర్శకత చట్టం, కర్ణాటకకు 1999 చట్టం, పోర్టళ్లూ వేరు. కేంద్ర మాన్యువల్ సూత్రాలు అక్కడా అవే అనుకోకుండా ఆ టెండరు పుస్తకంలోని దిద్దుబాటు క్లాజే చదవాలి. కమిటీ నిర్ణయం మీద అప్పీలు దారి రెండు చట్టాల్లోనూ ఉంది, తమిళనాడులో సెక్షన్ 11, కర్ణాటకలో సెక్షన్ 16.

ఇక షీటు ఎక్కించే ముందు చేయాల్సిన పని. నింపిన షీటు ప్రింటు తీసి, నింపని మనిషి చేతికివ్వాలి. ఆ మనిషి నోటుబుక్కులో ప్రతి టన్ను రేటునూ కిలోమీటర్లతో భాగించాలి. లోడింగు, అన్‌లోడింగు, గోదాము ముందు పడిగాపులు దగ్గరి ట్రిప్పుకైనా దూరం ట్రిప్పుకైనా ఒకటే కాబట్టి, దూరం పెరిగే కొద్దీ ఈ అంకె మెల్లగా తగ్గాలి. కాంచీపురం 5.60, వేలూరు 4.36, బెంగళూరు 3.86 రావాలి. ఆ కుర్రాడు నింపిన షీటులో 5.60, 0.44, 3.86 వస్తుంది. కాలిక్యులేటరు మీద రెండు నిమిషాల పని, కాకపోతే గడువుకు ముందురోజు చేయాలి. ఆఖరి గంటలో సర్వరు మొరాయిస్తే 0.44 కనిపించినా రీసబ్మిట్ తెర తెరుచుకోదు, పోర్టలు చూసేది తన గడియారమే.